అమ్మానాన్నలతో సౌత్ టిరోల్: ప్రతి ఊరికీ రెండు పేర్లున్న చోట వారం రోజులు

మీ ప్రశ్న మొత్తం చదివాను. సెప్టెంబరు మధ్యలో హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలతో, ఆరేళ్ళ పాపతో కలిసి ఇటలీ ఉత్తరాన ఉన్న సౌత్ టిరోల్‌కి వారం రోజులు వెళ్దామనుకుంటున్నారు. ఏ ఊళ్ళో దిగాలి, కారు తీసుకోవాలా వద్దా, అమ్మగారి మోకాళ్ళ నొప్పితో కొండలు కుదురుతాయా, మాంసం ముట్టని నాన్నగారికి తిండి దొరుకుతుందా, అక్కడ జర్మన్ మాట్లాడతారా ఇటాలియన్ మాట్లాడతారా, ఏ సరస్సులు తప్పక చూడాలి. ఇవీ మీరు అడిగినవి.

నేను పన్నెండేళ్ళుగా మ్యూనిక్‌లో ఉంటున్నాను. ఇక్కడ రైలెక్కితే నాలుగు గంటల్లో బోల్జానోలో దిగొచ్చు కాబట్టి ఏడాదికి ఒకటి రెండుసార్లయినా వెళ్తుంటాను. మా అమ్మని, అత్తగారిని, మామగారిని వేరువేరుగా తీసుకెళ్ళాను. కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్తే ఏం కుదురుతుందో, ఏం కుదరదో బాగా తెలుసు.

ముందు భాష సంగతి చెప్తాను. మీరు దాన్ని చివర్లో అడిగారు గానీ నా లెక్కలో అదే మొదటిది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నీడర్‌డోర్ఫ్ అనే ఊళ్ళో గది తీసుకున్నాం. సాయంత్రం సరస్సు దగ్గర్నుంచి తిరుగు బస్సు కోసం నిలబడితే, వచ్చిన బస్సు మీద విల్లబస్సా అని ఉంది. మనది కాదులే అని వదిలేశాం. తర్వాతి బస్సు గంటకి. ఈలోగా వాన మొదలైంది, అమ్మ శాలువా తడిసి ముద్దయింది. చివరికి డ్రైవర్‌ని అడిగితే తెలిసింది, విల్లబస్సా, నీడర్‌డోర్ఫ్ రెండూ ఒకటేనని. జర్మన్‌లో నీడర్‌డోర్ఫ్ అంటే కిందిఊరు. ఇటాలియన్‌లో విల్లబస్సా అన్నా అదే.

అక్కడ ప్రతి ఊరికీ, ప్రతి వాగుకీ, ప్రతి శిఖరానికీ ఇలా రెండు పేర్లుంటాయి. బోల్జానో అంటే బోజెన్. బ్రెస్సనోనె అంటే బ్రిక్సెన్. మెరానో అంటే మెరాన్. ఇవి పోల్చుకోవచ్చు. కానీ స్టెర్జింగ్‌కి ఇటాలియన్ పేరు విపితెనో, ఇన్నికెన్‌కి సాన్ కాండిదో. వీటిని తెలియనివాళ్ళు కలపలేరు. అందుకే బయల్దేరేముందు మీరు వెళ్ళే ప్రతి చోటికీ రెండు పేర్లూ ఒక కాగితం మీద తెలుగులో రాసి నాన్నగారి జేబులో పెట్టండి. ఫోన్‌లో టైమ్‌టేబుల్ వెతికేటప్పుడు, హోటల్ బుక్ చేసేటప్పుడు, వీసా ఫారంలో చిరునామా నింపేటప్పుడు కూడా రెండు పేర్లూ చూసుకోండి.

ఈ రెండు పేర్ల వెనక కథ తెలిస్తే ఊళ్ళు వేరేగా కనిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఇది ఆస్ట్రియా వాళ్ళ టిరోల్‌లో భాగం. 1919 సెయింట్ జెర్మైన్ ఒప్పందంతో ఇటలీ చేతికి వచ్చింది. జనం మాత్రం ఎక్కడి వాళ్ళక్కడే, వాళ్ళ భాష జర్మన్. హోసూరు, రాయగడ తెలుగువాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. సరిహద్దు గీత జరిగినంత మాత్రాన వంటింట్లో మాట్లాడే భాష జరగదు. ముస్సోలినీ కాలంలో బడుల్లో జర్మన్ ఆపేశారు. పిల్లలకి ఇళ్ళల్లో దొంగచాటుగా చదువు చెప్పేవాళ్ళు. ఎత్తోరె తొలొమేయి అనే ఆయన అప్పటికే వేల జర్మన్ పేర్లకి ఇటాలియన్ పేర్లు తయారుచేసి పెట్టాడు. కొన్నిటికి చివర ఒక అచ్చు తగిలించాడు, కొన్నిటిని అనువాదం చేశాడు, కొన్నిటికి పాత లాటిన్ పేర్లు తవ్వి తీశాడు. 1939లో హిట్లర్, ముస్సోలినీ కలిసి ఇక్కడివాళ్ళ ముందు ఒక ప్రశ్న పెట్టారు. జర్మన్‌గా బతకాలంటే ఊరు వదిలి జర్మనీ వెళ్ళాలి, ఊళ్ళో ఉండాలంటే భాష వదులుకోవాలి. ఎనభై శాతానికి పైగా జనం వెళ్తామని రాసిచ్చారు. యుద్ధం ముదరడంతో నిజంగా వెళ్ళినవాళ్ళు 75 వేల మంది దాకా ఉంటారు. ఒకే ఇంట్లో అన్న వెళ్తానని, తమ్ముడు ఉంటానని రాసిచ్చి, ఆ తర్వాత మాటలు లేకుండా పోయిన కుటుంబాలున్నాయి. మేం రెండుసార్లు దిగిన పొలం ఇంటి పెద్దావిడ ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా.

1946 పారిస్ ఒప్పందం, 1972 స్వయంపాలన చట్టం తర్వాత పరిస్థితి కుదుటపడింది. ఇప్పుడు రెండు భాషలకీ సమాన హోదా. 2011 లెక్కల్లో దాదాపు 69 శాతం జర్మన్, 26 శాతం ఇటాలియన్, నాలుగున్నర శాతం లదీన్ భాషవాళ్ళమని చెప్పుకున్నారు. లదీన్ అంటే కొండలోయల్లో మిగిలిన పాత రోమన్ల కాలపు నుడి. వాల్ గార్డెనా, వాల్ బదియా లోయల్లో బోర్డుల మీద మూడు పేర్లు కనిపిస్తాయి. బోల్జానో నగరంలో మాత్రం ఇటాలియన్ మాట్లాడేవాళ్ళే ఎక్కువ. బోర్డు మీద ఏ పేరు ముందుందో చూడండి, చాలావరకు ఆ ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువో తెలిసిపోతుంది.

మీకు పనికొచ్చే మాట ఏంటంటే, హోటళ్ళలో, టికెట్ కౌంటర్లలో ఇంగ్లీషు సరిపోతుంది. దాని గురించి టెన్షన్ వద్దు. కానీ కొండ మీది పల్లెలో ముసలాయన ఎదురొచ్చి ‘గ్ర్యూస్ గాట్’ అంటే మీరూ అదే అనండి. ఇటాలియన్ కేఫ్‌లో ‘బొంజోర్నో’ అంటే అదే అనండి. ఇటలీ కదా అని ప్రతిచోటా ఇటాలియన్‌తో మొదలుపెడితే తప్పేం లేదు, మర్యాదగానే జవాబిస్తారు. కానీ వాళ్ళ భాషలో పలకరిస్తే మొహంలో వచ్చే తేడా మీకే కనిపిస్తుంది. వాల్ బదియాలో ‘జులాన్’ అని కృతజ్ఞత చెప్పి చూడండి, మీ పాపకి ఇంకో బిస్కెట్ దక్కుతుంది.

ఇక ఎక్కడ దిగాలి. రోజుకో ఊరు మార్చే ప్లాన్ మీరు రాశారు. దయచేసి అది వద్దు. పెద్దవాళ్ళతో, పాపతో ప్రతి ఉదయం సూట్‌కేసులు సర్దడంలోనే సగం సెలవు పోతుంది. రెండు చోట్ల చాలు. బ్రిక్సెన్‌లో నాలుగు రాత్రులు, మెరానోలో మూడు రాత్రులు. బ్రిక్సెన్ మ్యూనిక్, వెరోనా రైలు దారిలోనే ఉంది. తూర్పున డోలమైట్స్ కొండల వైపు, దక్షిణాన బోల్జానో వైపు, రెంటికీ మధ్యలో. బోల్జానోకి అరగంట. మెరానో నుంచి పశ్చిమ లోయ అంతా తిరగొచ్చు.

హోటల్ బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ గానీ, పొలం ఇల్లు గానీ తీసుకోండి. ‘రోటర్ హాన్’, అంటే ఎర్ర కోడిపుంజు అనే గుర్తు ఉన్న రైతుల ఇళ్ళు చాలా ఉంటాయి. కింద ఆవులు, పైన మనం. పొద్దున్నే పాలు, గుడ్లు, ఇంట్లో చేసిన జామ్. పాపకి ఇంతకంటే ఏం కావాలి. చిన్న కుక్కర్, కందిపప్పు, పచ్చడి తీసుకెళ్తే రాత్రిపూట నాన్నగారి సమస్య తీరిపోతుంది. కానీ పొలం ఇల్లు బస్టాపుకి ఎంత దూరమో, దారి ఎంత ఎగుడో బుక్ చేసేముందే అడగండి. మ్యాప్‌లో 600 మీటర్లే అనిపిస్తుంది, అక్కడికెళ్తే అది నిట్టనిలువు కొండ.

కారు గురించి నా మాట సూటిగా చెప్తున్నా. మీకు కారు వద్దు. కొండ మలుపుల్లో స్టీరింగ్ మీద ఉన్నవాడికి ఏ కొండా కనపడదు. నగరాల పాత వీధుల్లో బయటి కార్లకి ప్రవేశం ఉండదు, తెలియక వెళ్తే కెమెరా ఫొటో తీసి నెలల తర్వాత జరిమానా ఇంటికొస్తుంది. పేరున్న చోట్ల పార్కింగ్ ఉదయం తొమ్మిదికే నిండిపోతుంది. బస్సులు, రైళ్ళు మాత్రం గడియారంలా నడుస్తాయి. చాలా హోటళ్ళు, పొలం ఇళ్ళు ‘సౌత్ టిరోల్ గెస్ట్ పాస్’ ఉచితంగా ఇస్తాయి. అది ఉంటే ప్రావిన్స్ అంతటా లోకల్ రైళ్ళు, బస్సులు, కొన్ని కేబుల్ కార్లు ఎక్కొచ్చు. అన్నిచోట్లా ఇవ్వరు కాబట్టి ఆ ఒక్క ప్రశ్న బుకింగ్‌కి ముందే అడగండి. దాని బట్టే మీ ఖర్చు మారుతుంది.

అమ్మగారి మోకాళ్ళ గురించి కంగారు పడకండి. కొండలెక్కాల్సింది కేబుల్ కార్లే. బోల్జానోలో రైల్వేస్టేషన్‌కి దగ్గర్లో కేబుల్ కార్ ఎక్కితే పన్నెండు నిమిషాల్లో రిట్టెన్ పీఠభూమి మీద ఉంటారు. పైన 1907 నాటి చిన్న రైలు ఒకటి పచ్చిక మధ్య నడుస్తుంది. దిగి కాస్త నడిస్తే మట్టి స్తంభాలు కనిపిస్తాయి, ఒక్కోదాని నెత్తిన టోపీలా ఒక బండరాయి. వాన మట్టిని కడుక్కుపోతుంటే రాయి కింద ఉన్న మట్టి మాత్రం నిలబడిపోయి అలా తయారయ్యాయి. ఇంకో రోజు ఆల్పె ది సియుసి, జర్మన్‌లో జైజర్ ఆల్మ్. 56 చదరపు కిలోమీటర్ల పచ్చికబయలు, యూరప్‌లో ఇంత ఎత్తున ఇంత పెద్దది ఇంకోటి లేదు. పైకి వెళ్ళే రోడ్డు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా ప్రైవేటు కార్లకి మూసేస్తారు, అందరూ కేబుల్ కార్‌లోనో బస్సులోనో వెళ్ళాల్సిందే. పైన దారులు చాలావరకు చదునుగా ఉంటాయి. మా అత్తగారు అక్కడ రెండు గంటలు నడిచారు. ఇంట్లో మెట్లెక్కడానికే ఇబ్బంది పడే మనిషి.

ఒక జాగ్రత్త. 2000 మీటర్ల పైన మధ్యాహ్నం దాటాక ఉరుములు, వాన ఉన్నట్టుండి వస్తాయి. పొద్దున్నే బయల్దేరి మూడింటికల్లా దిగొచ్చేయండి. కింద బోల్జానోలో చెమటలు పడుతున్నా పైన స్వెటర్ కావాలి. ఏ ఇబ్బందైనా 112కి ఫోన్ చేయండి.

ఈ డోలమైట్స్ అనే పేరు మనకి మరీ కొత్తది కాదు. ఖమ్మం జిల్లా మాధారం గని నుంచి విశాఖ ఉక్కు కర్మాగారానికి వెళ్ళే డోలమైట్ రాయి ఉంది చూశారూ, అదే జాతి రాయి. దొలొమ్యూ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 18వ శతాబ్దం చివర్లో ఈ కొండల రాయిని పరిశీలించాడు, ఆయన పేరే రాయికీ, కొండలకీ పడింది. ఈ శిఖరాలు ఒకప్పుడు వెచ్చటి సముద్రం అడుగున పెరిగిన పగడపు దిబ్బలు. 2009లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. పాపకి చెప్పండి, ఇక్కడ చేపలు తిరిగేవని.

తిండి. స్పెక్ అనే పొగబెట్టిన పందిమాంసం వీళ్ళకి మన కరివేపాకు లాంటిది, అడగకుండానే పడుతుంది. అందుకని ప్రతిసారీ ‘ఓనె ఫ్లైష్, ఓనె స్పెక్’ అనండి, ఇటాలియన్‌లో అయితే ‘సెంజా కార్నె, సెంజా స్పెక్’. నాన్నగారికి ష్లుట్జ్‌క్రాప్‌ఫెన్ తెప్పించండి. మన కజ్జికాయ ఆకారంలో ఉండి, లోపల పాలకూర, తాజా జున్ను పెట్టి ఉడికించి, పైన కాచిన వెన్న పోస్తారు. పిండిలో గుడ్డు ఉంటుంది, గుడ్డు తినకపోతే ఇది కూడా కుదరదు. ఉండలు వేసిన సూప్ శాకాహారం అనిపిస్తుంది గానీ ఆ రసం చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్ళతోనే. పాలకూర ఉండల్ని సూప్ లేకుండా వెన్నతో అడగండి. పిల్లలకి కైజర్‌ష్మార్న్, అంటే ముక్కలు చేసిన తియ్యటి అట్టు. ఆపిల్ స్ట్రూడెల్ ఎటూ ఉంటుంది, లోయంతా ఆపిల్ తోటలే కదా. సెప్టెంబరు కోతల కాలం, ట్రాక్టర్ల వెనక పెట్టెలు నిండి కనిపిస్తాయి.

ఒక్క సంగతి మాత్రం మీరే చూసి తెలుసుకోవాలి. పశ్చిమాన విన్ష్‌గౌ లోయలో బేకరీకి వెళ్ళి, రెండు గుండ్రటి రొట్టెలు అతుక్కుని జంటగా ఉండే రై అనే ధాన్యపు రొట్టె కొనండి. దాన్ని విరిచి ముక్కు దగ్గర పెట్టుకోండి. మెంతికూర వాసన. మా అమ్మ మొదటిసారి వాసన చూసి, ‘వీళ్ళకి మెంతికూర ఎక్కడిదిరా’ అంది. నిజంగానే అది మెంతి జాతి మొక్కే, నీలిపూల మెంతి. ఎండబెట్టి పొడి చేసి పిండిలో కలుపుతారు. ఆ వారమంతా అమ్మ మధ్యాహ్నం భోజనం ఆ రొట్టె, పెరుగు, వెంట తెచ్చుకున్న నిమ్మకాయ పచ్చడి.

మధ్యాహ్నం రెండింటికి చాలా చోట్ల వంటగది మూసేస్తారు, మళ్ళీ ఆరింటికే తీస్తారు. దుకాణాలు కూడా మధ్యాహ్నం మూస్తారు. తలుపు మీద ‘రూయెటాగ్’ అని ఉంటే ఆ రోజు సెలవని అర్థం. పాపకి ఆకలేసే వేళలు చూసుకుని బ్యాగ్‌లో ఏదో ఒకటి పెట్టుకోండి.

ఊళ్ళలో బ్రిక్సెన్‌ని నింపాదిగా చూడండి. పెద్ద చర్చి పక్కన కప్పు ఉన్న వసారా ఒకటుంది, కమానుల నిండా పాత బొమ్మలు. అందులో 15వ శతాబ్దంలో వేసిన ఏనుగు బొమ్మ వెతకండి. గుర్రం ఒంటికి బూర లాంటి తొండం అతికించినట్టు ఉంటుంది. వేసినవాళ్ళు ఏనుగుని చూసి ఎరగరు, ఎవరో చెప్తే విని వేశారు. తర్వాత 1551 చలికాలంలో నిజమైన ఏనుగే ఆ ఊరికొచ్చింది. పోర్చుగీసు రాజు ఆస్ట్రియా యువరాజు మాక్సిమిలియన్‌కి పంపిన ఆసియా ఏనుగు, పేరు సొలిమాన్. ఆల్ప్స్ దాటి వియన్నా వెళ్తూ రెండు వారాలు ఇక్కడి సత్రంలో ఆగింది. ఆ సత్రం ఇప్పటికీ ‘ఎలిఫెంట్’ పేరుతో హోటల్‌గా నడుస్తోంది, గోడ మీద ఏనుగు బొమ్మ ఉంటుంది. ముందు వసారాలో బొమ్మ చూసి, తర్వాత నడిచి వెళ్ళి ఆ గోడ చూడండి. మన దేశం వైపు నుంచి సముద్రాలు దాటించి, మంచులో కొండలెక్కించిన ఆ మూగజీవం గురించి తలుచుకుంటే నాకు ప్రతిసారీ జాలేస్తుంది.

బోల్జానోలో అందరూ ఓట్జీని చూడ్డానికి వెళ్తారు, మీరూ వెళ్ళండి. 1991 సెప్టెంబరు 19న 3210 మీటర్ల ఎత్తున మంచులో దొరికిన, 5300 ఏళ్ళ కిందటి మనిషి. ఆస్ట్రియా అనుకున్నారు, సర్వే చేస్తే సరిహద్దుకి 92 మీటర్లు ఇటలీ వైపు ఉన్నాడు. భుజంలో బాణం మొన దిగి చనిపోయాడని పదేళ్ళ తర్వాత ఎక్స్‌రేలో తేలింది. మ్యూజియం టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, లేదంటే ఎండలో లైన్. శవాన్ని చిన్న కిటికీలోంచి చూడాలి. ఆరేళ్ళ పాపకి భయం వేయొచ్చు, చూపించాలా వద్దా మీరే నిర్ణయించుకోండి. ఆయన గడ్డి కూరిన చెప్పులు, రాగి గొడ్డలి చూపిస్తే చాలు.

కానీ నేను బోల్జానోలో మిమ్మల్ని తప్పక ఆగమని చెప్పేది వేరే రెండు చోట్ల. టాల్ఫర్ నది దాటగానే 1928లో ముస్సోలినీ ప్రభుత్వం కట్టించిన తెల్లటి విజయ తోరణం ఉంటుంది. ఇక్కణ్ణుంచే ఇతరులకి భాష, చట్టాలు, కళలు నేర్పామని దాని మీద లాటిన్‌లో చెక్కారు. భాష ఉన్న జనానికి భాష నేర్పామని. దశాబ్దాల పాటు ఈ ఊరు దాని గురించి కొట్లాడుకుంది. కూల్చలేదు, కప్పిపెట్టలేదు. 2014లో దాని అడుగున మ్యూజియం పెట్టి, రెండు భాషలవాళ్ళ చరిత్రనీ పక్కపక్కనే చెప్పారు. కాస్త దూరంలో ఒక ప్రభుత్వ భవనం మీద గుర్రమెక్కిన ముస్సోలినీ భారీ శిల్పం ఉంది. 2017 నుంచి దాని మీద వెలిగే అక్షరాలతో తత్వవేత్త హన్నా అరెంట్ మాట, ‘లోబడే హక్కు ఎవరికీ లేదు’ అని, జర్మన్, ఇటాలియన్, లదీన్ మూడు భాషల్లో కనిపిస్తుంది. చీకటి పడ్డాక వెళ్ళండి. మా మామగారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఆయన డోలమైట్స్ కంటే ఈ గోడ ముందే ఎక్కువసేపు నిలబడ్డారు.

సరస్సులు. ఫొటోల్లో చెక్క పడవలతో కనిపించేది లాగో ది బ్రాయెస్, జర్మన్‌లో ప్రాగ్‌జర్ వైల్డ్‌జే. అందమే, కాదనను. కానీ వేసవిలో ఆ దారిలో జనం కిక్కిరిసిపోతారు. జులై నుంచి సెప్టెంబరు మొదటి భాగం దాకా పగటిపూట ముందస్తు బుకింగ్ లేకుండా కార్లు వెళ్ళనివ్వరు. మీరు బస్సులో వెళ్ళినా సీటు ముందే బుక్ చేసుకోవాలేమో చూసుకోండి. ఉదయం ఎనిమిదిలోపు అక్కడుండాలి. చుట్టూ నడక గంటన్నర, తూర్పు ఒడ్డున మెట్లున్నాయి. అమ్మగారు పడమటి ఒడ్డున చదునుగా ఉన్నంత మేర వెళ్ళి తిరిగొస్తే సరి. ఒడ్డునున్న పాత హోటల్లో 1945 ఏప్రిల్ ఆఖర్లో నాజీల చెర నుంచి బయటపడ్డ 139 మంది పేరున్న ఖైదీలు తలదాచుకున్నారు, వాళ్ళలో ఫ్రాన్స్ మాజీ ప్రధాని లియోన్ బ్లూమ్ కూడా ఉన్నారు.

కారెర్‌జే, ఇటాలియన్‌లో లాగో ది కరెజ్జా, చిన్నది. బోల్జానో నుంచి బస్సులో ముప్పావుగంట. నీటిలో దిగనివ్వరు, కంచె బయటే నడక. నీటికి అన్ని రంగులు ఎలా వచ్చాయో కథ ఉంది. ఒక మాంత్రికుడు జలకన్య కోసం ఇంద్రధనస్సుని తెచ్చాడట, ఆమె అతన్ని గుర్తుపట్టి నీళ్ళలో మునిగిపోతే కోపంతో ఆ ఇంద్రధనస్సుని విరిచి సరస్సులో పడేశాడట. 2018 అక్టోబరు ఆఖర్లో వచ్చిన ‘వాయా’ తుఫానుకి ఈ చుట్టుపక్కల అడవి చాలా నేలకూలింది. పాత ఫొటోల్లోని చిక్కటి అడవి కోసం వెతక్కండి.

నన్నడిగితే ఒక్క సరస్సు చూడ్డానికే టైముంటే రెషెన్‌కి వెళ్ళమంటాను. ఇటాలియన్‌లో లాగో ది రెసియా. మెరానో నుంచి మాల్స్ అనే ఊరికి రైలు, అక్కణ్ణుంచి బస్సు. పట్టాల పనులుంటే కొంత దూరం రైలు బదులు బస్సే నడుపుతారు, ముందు రోజు చూసుకోండి. బస్సు దిగగానే నీలం నీళ్ళ మధ్య ఒంటరిగా ఒక చర్చి గోపురం నిలబడి ఉంటుంది. అందరూ దాని ముందు సెల్ఫీలు తీసుకుంటారు. అది గ్రౌన్ అనే ఊరి చర్చి, ఇటాలియన్‌లో కురోన్. కరెంటు కోసం ఆనకట్ట కట్టి 1950లో ఊరిని ముంచేశారు. 163 ఇళ్ళు, 523 హెక్టార్ల పొలాలు పోయాయి. చర్చిని పేల్చేశారు, 14వ శతాబ్దపు గోపురాన్ని మాత్రం పాత కట్టడమని వదిలేశారు. నీటిమట్టం 22 మీటర్లు పెంచుతామన్న నోటీసు 1940లో ఊళ్ళో అంటించారు, ఇటాలియన్‌లో. ఊరంతా జర్మన్ మాట్లాడేవాళ్ళు. తమ ఇళ్ళు మునుగుతాయని రాసిన కాగితం గోడ మీదే ఉంది, అది వాళ్ళ భాషలో లేదు.

మాది నందికొట్కూరు వైపు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. చిన్నప్పుడు వేసవిలో నీళ్ళు తగ్గాక సంగమేశ్వరం గుడి బయటపడితే అమ్మ నన్ను తీసుకెళ్ళేది. బురద ఆరని మెట్లు దిగుతూ, అటువైపు మా ఊరు ఉండేది అని చేత్తో చూపించేది. అటు చూస్తే నీళ్ళే. అలాంటి అమ్మని రెషెన్ ఒడ్డుకి తీసుకెళ్ళాను. నేను కథ చెప్పడం మొదలుపెట్టేలోపే, ‘ఊరు మునిగిందా’ అని అడిగింది. ఇక్కడివాళ్ళు చలికాలం రాత్రుల్లో నీళ్ళ అడుగు నుంచి గంటలు వినిపిస్తాయని అంటారు. గంటల్ని ముంపుకి ముందే, 1950 జులైలో దించేశారు. ఆ మాట కూడా అమ్మకి చెప్పాను. ‘అయినా వినిపిస్తాయి’ అంది. 2021లో మరమ్మతులకని నీళ్ళు తగ్గిస్తే ఇళ్ళ పునాదులు, నేలమాళిగల మెట్లు బయటపడ్డాయి. ఒడ్డున ఉన్న సమాచార బోర్డులు ఓపిగ్గా చదవండి, పాత గ్రౌన్ ఫొటోలున్నాయి. తిరిగొస్తూ గ్లుర్న్స్‌లో గంట ఆగండి. తొమ్మిది వందల మంది ఉండే కోట ఊరు, చుట్టూ గోడ, మూడు ద్వారాలు, మీరు పదిహేను నిమిషాల్లో ఊరంతా తిరిగేయొచ్చు.

మెరానో గురించి ఎక్కువ చెప్పను. నది ఒడ్డున నడవండి, ట్రౌట్‌మాన్స్‌డోర్ఫ్ తోటలకి ఒక పూట ఇవ్వండి, అమ్మగారికి నచ్చుతాయి. ట్రె చీమె శిఖరాలకి ఈసారి వద్దు. చుట్టూ తిరగాలంటే పది కిలోమీటర్ల రాళ్ళ దారి, మోకాళ్ళకి కష్టం.

వీసా మాట క్లుప్తంగా. రాత్రులన్నీ ఇటలీలోనే కాబట్టి మీరు మ్యూనిక్‌లో దిగినా సరే, అప్లై చేయాల్సింది ఇటలీ షెంజెన్ వీసాకే. కనీసం 30 వేల యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, జూన్ దాటనివ్వకండి. మ్యూనిక్ నుంచి వెరోనా వెళ్ళే రైలు బ్రిక్సెన్‌లో ఆగుతుంది, సీట్లు రిజర్వ్ చేసుకోండి. సెప్టెంబరు మధ్య మంచి ఎంపిక. ఆగస్టు రద్దీ పోతుంది, కేబుల్ కార్లు ఇంకా నడుస్తుంటాయి.

చివరి సాయంత్రం మెరానో నుంచి ఓ ముప్పావుగంట రైల్లో మళ్ళీ బోల్జానోకి రండి. టాల్ఫర్ నది ఒడ్డున పచ్చిక మీద బెంచీలున్నాయి, మెట్లు లేవు, టికెట్ లేదు. అక్కణ్ణుంచి తూర్పున రోజెన్‌గార్టెన్ కొండ కనిపిస్తుంది. లౌరిన్ అనే మరుగుజ్జు రాజుకి అక్కడ గులాబీ తోట ఉండేదట. శత్రువులు ఆ తోట చూసి తనని పట్టుకున్నారని కోపమొచ్చి, పగలు గానీ రాత్రి గానీ ఎవరికీ కనపడకూడదని తోటకి శాపం పెట్టాడు. సంధ్యవేళ సంగతి మర్చిపోయాడు. హిరణ్యకశిపుడి వరంలో ఉన్న సందే ఇందులోనూ ఉంది, నాన్నగారికి చెప్తే వెంటనే పట్టుకుంటారు. సెప్టెంబరు మధ్యలో ఏడింటి ప్రాంతంలో సూర్యుడు దిగుతుంటే ఆ తెల్లరాయి ముందు పసుపు, తర్వాత గులాబీ, తర్వాత కుంకుమ రంగుకి తిరుగుతుంది. మబ్బు లేకపోతే పది పదిహేను నిమిషాలు ఉంటుంది. ఆరున్నరకల్లా వచ్చి తూర్పుకి తిరిగి కూర్చోండి.